పడుగులో పడే తప్పు
(సోలాపూర్, అశోక్ చౌక్‌లో చేసిన స్మారకోపన్యాస పాఠం)

ఈ ఉపన్యాసం ఏ మాస్టారి స్మృతిలో జరుగుతోందో ఆయన అశోక్ చౌక్ పిల్లలకు సైన్సును తెలుగులో చెప్పారు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి నేతపని వెతుక్కుంటూ సోలాపూర్ వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాల పిల్లలకు వీధిలో మరాఠీ, పెద్ద చదువుల పుస్తకాల్లో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. అమ్మతో మాట్లాడే భాషలో అర్థమైన సంగతే ఇంటిదాకా చేరుతుందని ఆయన నమ్మారు. ఆ నమ్మకాన్ని నిలబెట్టే విషయమే ఈ సభకు తగినది. ప్లాస్టిక్ నుంచి ఊరి వచ్చే కొన్ని రసాయనాలు ఎలుక మొదలు ఆవు దాకా, కుక్క మొదలు మనిషి దాకా, పాలిచ్చి పిల్లల్ని పెంచే ప్రాణుల్లో హార్మోన్ల పనిని చెడగొడుతున్నాయి. ఆ చెడు ఎలా జరుగుతుందో, ఎప్పుడు జరుగుతుందో ఈ వాడలోని ప్రతి ఇంటికీ తెలియాలి.

ప్లాస్టిక్ హాని అనగానే ఎవరి కళ్ళ ముందైనా మెదిలేది చెత్తకుప్ప దగ్గరి ఆవు. తెలుగు నేల మీదే దానికి గట్టి సాక్ష్యం ఉంది. పుట్టపర్తిలోని కరుణా సొసైటీ అనే జంతు సంరక్షణ సంస్థ 2010 ప్రాంతంలో అనంతపురం వీధి పశువులను తెచ్చి సాకింది. వాటిలో కొన్ని చనిపోగా కోసి చూస్తే పొట్ట నిండా పాలిథీన్ సంచులు, తాళ్ళు, మేకులు. బతికున్నవాటికి ఆపరేషన్లు చేయించారు. ఒక్కో ఆవు పొట్టలోంచి పదుల కిలోల ప్లాస్టిక్ ముద్ద బయటపడింది. ఆ దృశ్యాలు ‘ది ప్లాస్టిక్ కౌ’ అనే డాక్యుమెంటరీకి ఎక్కాయి. అక్కడి నుంచి విషయం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2012లో ఆ పిటిషన్‌ను విన్న జస్టిస్ సింఘ్వీ, జస్టిస్ ముఖోపాధ్యాయల ధర్మాసనం, ప్లాస్టిక్‌ను పూర్తిగా ఆపకపోతే రాబోయే తరానికి అది అణుబాంబును మించిన ముప్పు అవుతుందని వ్యాఖ్యానించింది.

ఆవు పొట్టలోని సంచిని కత్తితో తీయవచ్చు. దాన్ని బల్ల మీద పరిచి తూకం వేయవచ్చు, ఫొటో తీసి కోర్టుకు చూపించవచ్చు. ప్లాస్టిక్‌లోంచి కరిగి రక్తంలో కలిసే దానికి ఈ అవకాశం లేదు.

ప్లాస్టిక్ అనే ఒకే వస్తువు లోకంలో లేదు. పొడవైన పాలిమర్ గొలుసులకు మెత్తదనం, రంగు, ఎండకు తట్టుకునే శక్తి రావడానికి రకరకాల రసాయనాలు కలుపుతారు. ప్లాస్టిక్‌లలో వాడేవీ, దొరికేవీ కలిపి 16,000 పైచిలుకు రసాయనాలు ఉన్నాయని 2024లో వెలువడిన ప్లాస్ట్‌కెమ్ నివేదిక లెక్కగట్టింది. అందులో 4,200కు పైగా హానికరమైనవని తేల్చింది. పీవీసీ సంగతి చూడండి. ఏమీ కలపని పీవీసీ గట్టిగా, పెళుసుగా ఉంటుంది. డీఈహెచ్‌పీ అనే థాలేట్‌ను బరువులో దాదాపు మూడో వంతు దాకా కలిపితేనే రక్తం సంచి, సెలైన్ గొట్టం, పిల్లల బొమ్మ మెత్తగా వంగుతాయి. ఆ థాలేట్‌కు పీవీసీతో రసాయన బంధం ఏదీ ఉండదు. వేడి తగిలితే, నూనె తగిలితే వదిలి వచ్చేస్తుంది. గాజులా మెరిసే గట్టి ప్లాస్టిక్ పాలికార్బొనేట్. దాన్ని బిస్‌ఫినాల్-ఎ, క్లుప్తంగా బీపీఏ, అనే రసాయనంతో తయారుచేస్తారు. డబ్బా ఆహారపు రేకుల లోపలి పూతలోనూ, దుకాణంలో మెషీన్ మీద వచ్చే నున్నటి బిల్లు కాగితం మీదా అదే ఉండేది.

బీపీఏను 1891లో రష్యన్ శాస్త్రవేత్త డయానిన్ మొదట తయారుచేశాడు. 1936లో లండన్‌లో ఎడ్వర్డ్ చార్లెస్ డాడ్స్ అండాశయాలు తీసేసిన ఎలుకలకు దాన్ని ఇచ్చి, అది ఆడ హార్మోను ఈస్ట్రోజన్‌లాగే పనిచేస్తోందని చూపించాడు. పాలికార్బొనేట్ ప్లాస్టిక్ మార్కెట్లోకి వచ్చింది 1950ల చివర్లో. అంటే ఈ పదార్థానికి హార్మోను గుణం ఉందన్న సంగతి ఆ ప్లాస్టిక్ పుట్టడానికి ఇరవై ఏళ్ళ ముందే అచ్చయి ఉంది. తెలిసిన సంగతిని పక్కనపెట్టి వ్యాపారం నడిచింది. ఈ కథలో బాధ కలిగించే మొదటి ఘట్టం ఇదే.

తర్వాతి ఘట్టాలు ప్రయోగశాలల్లో అనుకోకుండా జరిగాయి. బోస్టన్‌లోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో ఆనా సోటో, కార్లోస్ సొన్నెన్‌షైన్ రొమ్ము క్యాన్సర్ కణాలను పెంచి పరిశీలించేవారు. ఈస్ట్రోజన్ అందితేనే పెరిగే కణాలవి. 1980ల చివర్లో ఒకసారి ఏ హార్మోనూ వేయని పాత్రల్లో కూడా అవి పెరగడం మొదలుపెట్టాయి. ఇద్దరూ ద్రావణాలన్నీ ఒక్కొక్కటిగా మార్చి చూశారు. చివరికి తప్పు పరీక్షనాళికలదని తేలింది. తయారీ సంస్థ ప్లాస్టిక్ మిశ్రమాన్ని మార్చింది గానీ ఏం కలిపిందో చెప్పడానికి ఒప్పుకోలేదు. శాస్త్రవేత్తలే విడదీసి చూస్తే దొరికింది నోనైల్‌ఫినాల్. 1991లో ఆ ఫలితం ప్రచురించారు. ఈ పేరు గుర్తుంచుకోండి, సోలాపూర్ టవల్ దగ్గర మళ్ళీ వస్తుంది.

రెండోది 1998లో, క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో. చుంచెలుకల అండాలు ఎదిగే క్రమాన్ని ప్యాట్రీషియా హంట్ పరిశీలిస్తున్నారు. అండం విభజన చెందేటప్పుడు క్రోమోజోములు ఒక వరుసలో నిలబడాలి. ఆరోగ్యంగా ఉన్న ఆడ ఎలుకల్లో ఆ వరుస చెదిరిన అండాలు నూటికి ఒకటో రెండో ఉంటాయి. ఆ ఏడాది అవి ఉన్నట్టుండి నూటికి నలభై అయ్యాయి. ఏ మందూ ఇవ్వని ఎలుకల్లోనే ఇలా జరిగింది. కారణం వెతికితే బోనులు కడిగిన సబ్బు దగ్గర తేలింది. నేల తుడిచే క్షార సబ్బుతో ఎవరో పొరపాటున పాలికార్బొనేట్ బోనులనూ నీళ్ళ సీసాలనూ కడిగారు. ప్లాస్టిక్ పైపొర దెబ్బతిని బీపీఏ ఊరింది. ఎలుకలు ఆ నీళ్ళు తాగాయి. తర్వాత హంట్ బృందం కావాలని చిన్న మోతాదుల్లో బీపీఏ ఇచ్చి అదే ఫలితాన్ని మళ్ళీ చూసింది. 2003లో వ్యాసం ప్రచురించింది. క్రోమోజోముల లెక్క తప్పడం మనుషుల్లో గర్భస్రావాలకు ముఖ్య కారణాల్లో ఒకటి కాబట్టి ఆ వ్యాసం ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేసింది.

చిన్న మోతాదు ఇంత పని ఎలా చేస్తుందన్నది సహజంగా వచ్చే ప్రశ్న. హార్మోన్లు పనిచేసే తీరే అంత. రక్తంలో అవి ఉండేది వందకోట్లలో ఒకటి రెండు పాళ్ళు, కొన్ని అంతకన్నా తక్కువ. ఆ కొద్దిపాటి సంకేతాన్ని అందుకోవడానికి కణాలు సిద్ధంగా ఉంటాయి. కడుపులోని పిండానికైతే ఏ అవయవం ఎప్పుడు, ఏ రూపంలో రావాలో చెప్పేది ఆ సంకేతమే. పెద్దల శరీరంలో బీపీఏ ఎక్కువకాలం నిలవదు. ఒక రోజులోపే చాలావరకు మూత్రంలో పోతుంది. అయినా 2003-04లో అమెరికా ప్రభుత్వ సర్వేలో ఆరేళ్ళు దాటిన 2,517 మందిని పరీక్షిస్తే 93 శాతం మంది మూత్రంలో అది కనిపించింది. పోయినదాన్ని పోయినట్టే మళ్ళీ లోపలికి తీసుకుంటున్నామని దాని అర్థం. పెద్దవాళ్ళు దాన్ని కొంత తట్టుకోగలరేమో. ఆ వారంలోనే వృషణమో, అండాశయమో రూపు దిద్దుకుంటున్న పిండానికి ఆ వెసులుబాటు లేదు.

అశోక్ చౌక్‌లో ఈ తేడాను వివరించడానికి పెద్ద పుస్తకాలు అక్కర్లేదు. పేకలో ఒక పోగు తప్పితే సాంచ ఆపి ఆ వరస విప్పి సరిచేసుకోవచ్చు. పడుగులో ఒక పోగు తప్పుగా అతికితే చద్దర్ మొదటి అంచు నుంచి చివరి అంచు దాకా ఆ గీత వస్తూనే ఉంటుంది. గర్భంలో తగిలే హార్మోను దెబ్బ అలాంటిది.

దీనికి మనుషుల్లో పెద్ద సాక్ష్యం డీఈఎస్ అనే మందు. బీపీఏను పరీక్షించిన డాడ్స్ బృందమే 1938లో అంతకన్నా బలమైన ఈ కృత్రిమ ఈస్ట్రోజన్‌ను తయారుచేసింది. గర్భం నిలవడానికని అమెరికాలో, ఐరోపాలో లక్షలాది తల్లులకు దాన్ని రాసిచ్చారు. తల్లుల్లో అప్పట్లో పెద్దగా ఏమీ కనిపించలేదు. 1971లో బోస్టన్ వైద్యుడు ఆర్థర్ హెర్బ్‌స్ట్, పదిహేనేళ్ళు దాటిన అమ్మాయిల్లో అతి అరుదైన యోని క్యాన్సర్ వస్తున్నట్టు గుర్తించాడు. ఆయన చూసిన ఎనిమిది మందిలో ఏడుగురి తల్లులు గర్భంతో ఉన్నప్పుడు ఆ మందు వాడినవారు. గర్భిణులకు దాన్ని ఇవ్వొద్దని అదే ఏడాది అమెరికా ప్రభుత్వం హెచ్చరించింది. 1975లో జాన్ మెక్‌లాక్లన్ బృందం గర్భంలో ఆ మందు తగిలిన మగ చుంచెలుకల్లో జననాంగ లోపాలను చూపించింది. ఆ మందు తగిలిన తల్లుల కొడుకుల్లో తర్వాత కనిపించిన లోపాలు ఆ ఎలుకల లోపాలకు దగ్గరగానే ఉన్నాయి. ఎలుకలో కనిపించింది మనిషికి వర్తించదని తోసిపుచ్చేవారు ఈ చరిత్రను ఒకసారి చదవాలి.

థాలేట్ల దారి వేరు. అవి ఈస్ట్రోజన్‌లా నటించవు. పిండం వృషణాల్లో తయారయ్యే మగ హార్మోను టెస్టోస్టిరాన్‌ను తగ్గిస్తాయి. మగ ఎలుక పిల్లల మర్మాంగాల తీరును ఆ హార్మోను ఎప్పుడు నిర్ణయిస్తుందో ఎడిన్‌బరో శాస్త్రవేత్తలు 2008లో కనుక్కున్నారు. ఎలుక మోసే మూడు వారాల్లో ఆ నిర్ణయం జరిగేది 15వ రోజు తర్వాత మూడు రోజుల్లోనే. ఆ మూడు రోజులు తప్పితే తర్వాత ఎంత హార్మోను ఇచ్చినా పూర్తిగా దిద్దలేరు. మనిషి గర్భంలో ఆ కాలం సుమారు 8వ వారం నుంచి 14వ వారం వరకు ఉంటుందని వారి అంచనా.

మన ఇళ్ళలో కడుపుతో ఉన్న సంగతిని మూడో నెల నిండేదాకా నలుగురికీ చెప్పరు. ఆస్పత్రిలో పేరు రాయించుకోవడం కూడా చాలామందికి అప్పుడే. జాగ్రత్తలు మొదలయ్యేసరికి అసలు జాగ్రత్త అవసరమైన కాలం చివరికొచ్చేస్తుంది. బీడీలు చుట్టే పనికో, కార్ఖానా పనికో పొద్దున్నే కూర్చునే కోడలికి వేడి చాయ్ పల్చటి సంచిలో, పప్పు ప్లాస్టిక్ డబ్బాలో వస్తాయి. కొత్తగా పెళ్ళయిన అమ్మాయి ఉన్న ఇంట్లో ఈ విషయం తెలియాల్సింది పెళ్ళి నాటి నుంచే.

మనుషుల్లో ఈ సంగతిని మొదట చూపించినవారు షానా స్వాన్. 2005లో ఆమె 85 మంది మగపిల్లలను, వాళ్ళ తల్లులు గర్భంతో ఉన్నప్పటి మూత్ర నమూనాలను కలిపి పరిశీలించారు. తల్లిలో థాలేట్లు ఎక్కువగా ఉన్న పిల్లల్లో మలద్వారానికీ మర్మాంగానికీ మధ్య దూరం తక్కువగా ఉంది. ఎలుకల ప్రయోగాల్లో థాలేట్ దెబ్బకు దశాబ్దాలుగా వాడుతున్న కొలత అదే. 2015లో మరింత పెద్ద సమూహంలో, మొదటి మూడు నెలల నమూనాలతో, డీఈహెచ్‌పీ విషయంలో అదే సంబంధం కనిపించింది.

దెబ్బ ఒక తరంతో ఆగుతుందా అన్నది ఇంకా లోతైన ప్రశ్న. వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్కిన్నర్ ప్రయోగశాల నుంచి మోహన్ మణిక్కం ప్రథమ రచయితగా 2013 జనవరిలో ఒక వ్యాసం వచ్చింది. గర్భంతో ఉన్న ఎలుకలకు బీపీఏ, డీఈహెచ్‌పీ, డీబీపీ అనే మూడు ప్లాస్టిక్ రసాయనాల మిశ్రమం ఇచ్చారు. తర్వాతి తరాలకు ఏమీ ఇవ్వలేదు. అయినా ముని మనవల తరంలో ఊబకాయం, అండాశయ వ్యాధులు, వృషణ వ్యాధులు కనిపించాయి. ఆ తరం వీర్యకణాల డీఎన్‌ఏ మీద రసాయన గుర్తులు 197 చోట్ల మారి ఉన్నాయి. డీఎన్‌ఏ అక్షరాలు అలాగే ఉన్నాయి, వాటిని ఎప్పుడు చదవాలో చెప్పే గుర్తులు మారాయి. ఆ ప్రయోగంలోని మోతాదులు మనుషులకు మామూలుగా అందే వాటికన్నా ఎక్కువని కూడా చెప్పాలి. ఆ తేడాను దాచి ఎలుక ఫలితాన్ని నేరుగా మన మనవలకు అంటగట్టడం న్యాయం కాదు. ఒక తరం తాగిన నీళ్ళకు నాలుగో తరం బదులు చెప్పే మార్గం క్షీరదాల శరీరంలో ఉందని మాత్రం ఆ ప్రయోగం చూపించింది. నిద్ర పట్టకుండా చేయడానికి అది చాలు.

బోనులో పెరిగే ఎలుకల మాట ఇది. మనతో కలిసి బతికే జంతువుల సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ లీ బృందం వికలాంగుల సహాయానికి పెంచే జాతి కుక్కల వీర్యాన్ని 26 ఏళ్ళపాటు, ఒకే ప్రయోగశాలలో, ఒకే పద్ధతిలో పరీక్షించింది. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్ వంటి అయిదు జాతులవి. ఈదగలిగే వీర్యకణాల శాతం ఏటికేడూ తగ్గుతూ వచ్చిందని 2016లో ప్రకటించారు. కుక్క వీర్యంలోనూ, కొన్ని కుక్క ఆహారాల్లోనూ డీఈహెచ్‌పీ దొరికింది. 2019లో ఆ రసాయనాన్నే మనిషి వీర్యం మీద, కుక్క వీర్యం మీద పక్కపక్కనే పరీక్షిస్తే రెండూ ఒకేలా దెబ్బతిన్నాయి. కుక్క మన ఇంట్లో ఉంటుంది, మన గాలి పీలుస్తుంది, మన నేల మీద పడుకుంటుంది. దానికి పొగాకు అలవాటు లేదు, మద్యం లేదు, వయసు మీరిన పెళ్ళి లేదు. అందుకే దాని సాక్ష్యానికి అంత విలువ.

స్కాట్లండ్‌లో మరో పని జరిగింది. నగరాల మురుగు శుద్ధి చేశాక మిగిలే బురదను గడ్డి మైదానాలకు ఎరువుగా వేస్తారు. ప్లాస్టిక్ రసాయనాలు, సబ్బుల అవశేషాలు అన్నీ ఆ బురదలో చేరతాయి. ఆ గడ్డి మేసిన గొర్రెల కడుపులోని పిల్లల అండాశయాలు, వృషణాలు మామూలు గొర్రెల పిల్లల వాటికన్నా భిన్నంగా ఎదిగాయని అబర్డీన్ పరిశోధకులు చూపించారు. తల్లి గొర్రెల్లో రసాయనాల స్థాయి మాత్రం పెద్దగా పెరగలేదు. పట్టణపు మురుగు నీటితో గడ్డి పెంచి గేదెలకు వేసే ప్రతి ఊరికీ ఈ పరిశోధన పనికొస్తుంది.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా ఈ దారిలో పనిచేస్తోంది. గర్భంతో ఉన్న ఎలుకలకు తక్కువ మోతాదులో బీపీఏ ఇస్తే వాటి మగ సంతానంలో వీర్యకణాల నాణ్యత దెబ్బతిన్నట్టు అక్కడి శాస్త్రవేత్తలు చూపించారు. మన ప్రాంతపు శాస్త్రజ్ఞులు మన కళ్ళ ముందే చేసిన పని కాబట్టి దాన్ని విదేశీ భయమని కొట్టిపారేయలేం.

అందరూ ఒకే మాట మీద ఉన్నారని ఈ సభకు చెబితే అబద్ధమవుతుంది. అమెరికా ప్రభుత్వ సంస్థలు, విశ్వవిద్యాలయాలు కలిసి క్లారిటీ అనే పేరుతో బీపీఏ మీద పెద్ద ఎలుకల ప్రయోగం చేశాయి. 2018లో ఫలితాలు వచ్చాయి. అవే అంకెలు చూసి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఇప్పటి వాడకంలో ప్రమాదం లేదంది. విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు పలువురు చిన్న మోతాదులోనే హాని కనిపిస్తోందన్నారు. 2023 ఏప్రిల్‌లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ రోజువారీ సురక్షిత పరిమితిని ఒక్కసారిగా 20,000 రెట్లు తగ్గించింది. కిలో బరువుకు 4 మైక్రోగ్రాములు ఉన్నది 0.2 నానోగ్రాములైంది. జర్మనీ సంస్థ అంత తగ్గించనక్కర్లేదని వాదించి 200 నానోగ్రాములు చాలంది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అభ్యంతరం చెప్పిన జర్మనీ అంకె కూడా పాత పరిమితిలో ఇరవయ్యో వంతే. ఎంత తగ్గించాలన్నదే వారి మధ్య తగువు. 2024 డిసెంబరులో ఐరోపా సమాఖ్య ఆహారం తగిలే వస్తువుల్లో బీపీఏను నిషేధిస్తూ నిబంధన తెచ్చింది.

మగవారిలో వీర్యకణాల సంఖ్య సంగతి కూడా ఇలాగే జాగ్రత్తగా మాట్లాడాలి. 1973 నుంచి 2011 దాకా పాశ్చాత్య దేశాల్లో వీర్యకణాల సాంద్రత సగానికి పైగా తగ్గిందని 2017లో హగాయ్ లెవీన్ బృందం లెక్కతేల్చింది. దానికి ప్లాస్టిక్ ఒక్కటే కారణమని ఎవరూ నిరూపించలేదు. పొగాకు, స్థూలకాయం, పురుగుమందులు, వేడి పనిచోట్లు అన్నీ వాటా పంచుకుంటాయి. నిరూపణ పూర్తయ్యేదాకా గర్భిణులను ప్రయోగశాల ఎలుకల్లా ఉంచడం మాత్రం ఏ ధర్మం ప్రకారమూ ఒప్పు కాదు.

నియంత్రణ వచ్చినచోట ఇంకో మోసం తలెత్తింది. బీపీఏ మీద గోల మొదలయ్యాక కెనడా, ఐరోపా, అమెరికా పాలసీసాల్లో దాన్ని ఆపాయి. భారతీయ ప్రమాణాల సంస్థ కూడా 2015 ప్రమాణంలో పాలసీసాలు బీపీఏ లేకుండా ఉండాలని చెప్పింది. ‘బీపీఏ లేదు’ అని ముద్రించిన సీసాలు దుకాణాల్లోకి వచ్చాయి. చాలాచోట్ల దాని స్థానంలో వాడింది బిస్‌ఫినాల్-ఎస్, బిస్‌ఫినాల్-ఎఫ్. అణువు ఆకారం దాదాపు అదే. ప్యాట్రీషియా హంట్ ప్రయోగశాలలో ఇరవై ఏళ్ళ తర్వాత పాత కథ మళ్ళీ జరిగింది. కొత్త రకం పాలిసల్ఫోన్ బోనులు దెబ్బతిని బిస్‌ఫినాల్-ఎస్ ఊరింది. ఎలుకల అండాలు, వీర్యకణాలు రెండూ చెడ్డాయి. 2018లో ఆమె ఆ సంగతి ప్రచురించారు. ఒక్కో రసాయనాన్ని విడిగా నిషేధిస్తూ పోతే పరిశ్రమ దాని చెల్లెల్ని తెచ్చి పెడుతుంది. కుటుంబం మొత్తాన్ని ఒకేసారి పరీక్షించి, హాని లేదని తేలాకే మార్కెట్లోకి రానివ్వాలి. చట్టం అడగాల్సింది అది.

ఇప్పుడు సోలాపూర్ టవల్ దగ్గరికి. బోస్టన్ పరీక్షనాళికలో దొరికిన నోనైల్‌ఫినాల్ ప్లాస్టిక్‌లోనే ఉండదు. దాని నుంచి తయారయ్యే నోనైల్‌ఫినాల్ ఎథాక్సిలేట్లను బట్టల పరిశ్రమ దశాబ్దాలుగా వాడుతోంది. నూలుకు అంటిన జిడ్డు వదలడానికి, రంగు సమంగా పట్టడానికి ఉడకబెట్టే తొట్టిలో పోసే సబ్బు ద్రవాల్లో అది ఉంటుంది. కాలువలోకి వెళ్ళాక విడిపోయి మళ్ళీ నోనైల్‌ఫినాల్ అవుతుంది. బురదలో ఏళ్ళ తరబడి నిలుస్తుంది. 2011లో గ్రీన్‌పీస్ ప్రపంచ ప్రసిద్ధ బ్రాండ్ల దుస్తులు 78 కొని పరీక్షిస్తే 52 వాటిలో ఈ ఎథాక్సిలేట్లు దొరికాయి. ఇవి ఉన్న బట్టను కొన్నవాళ్ళు ఇంట్లో ఉతికినప్పుడల్లా కొంత వాళ్ళ నీళ్ళలోకీ పోతుంది. 2021 ఫిబ్రవరి 3 నుంచి ఐరోపా సమాఖ్య ఉతికే బట్టల్లో వీటి పరిమితిని బరువులో 0.01 శాతానికి కట్టడి చేసింది. టవల్ కొనే విదేశీ వ్యాపారి పరీక్ష కాగితం అడిగేది అందుకే.

ఎగుమతి టవల్‌కు ఒక సబ్బు, ఇక్కడి బజారు టవల్‌కు మరో సబ్బు వాడే పద్ధతి ఎక్కడున్నా అది తప్పు. జర్మనీ బిడ్డకు పనికిరానిది సోలాపూర్ బిడ్డకు ఎలా పనికొస్తుంది? ఈ ఎథాక్సిలేట్లకు బదులు ఫ్యాటీ ఆల్కహాల్ ఎథాక్సిలేట్లు మార్కెట్లో దొరుకుతున్నాయి. ఐరోపా మిల్లులు ఎప్పుడో మారాయి. రంగుల కార్ఖానా యజమాని సబ్బు డ్రమ్ము కొనేటప్పుడు అందులో ఏముందో రాతపూర్వకంగా అడిగితే, పదిమంది యజమానులు కలిసి అడిగితే, అమ్మేవాడు తప్పక మారతాడు.

డ్రమ్ము అన్నాం కాబట్టి ఇంకో మాట. సోలాపూర్‌లో కొళాయి నీళ్ళు రోజూ రావు. కొన్ని రోజులకు ఒకసారి వచ్చే నీటిని ప్రతి ఇల్లూ నిలవ చేసుకుంటుంది. రంగులో, సబ్బు ద్రవమో, మందులో వచ్చిన వాడిన డ్రమ్ములు చవగ్గా దొరుకుతాయి. ఎంత కడిగినా వాటి గోడల్లో ఇంకినది పూర్తిగా పోదు. తాగునీటికి, వంటనీటికి అవి పనికిరావు. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే ఊళ్ళో మిద్దె మీద ఎండకు కాగే డ్రమ్ముకు ఈ మాట రెండింతలు వర్తిస్తుంది. తాగే నీళ్ళకు స్టీలు బిందో, రాగి బిందో, మట్టి కుండో మేలు.

ఇంత విన్నాక మనిషి చేయగలిగింది ఏమీ లేదనిపించవచ్చు. అది నిజం కాదు. ఈ రసాయనాల్లో చాలావరకు శరీరంలో నిలవ ఉండవని ముందే చెప్పుకున్నాం. 2011లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో రూథన్ రుడెల్ బృందం అయిదు కుటుంబాల 20 మందికి మూడు రోజులు ప్లాస్టిక్ తగలని తాజా వంట పెట్టింది. మూత్రంలో బీపీఏ సగటున 66 శాతం తగ్గింది. డీఈహెచ్‌పీ అవశేషాలు సగానికి పైగా తగ్గాయి. మళ్ళీ పాత తిండికి వెళ్ళగానే పెరిగాయి. మూడు రోజుల్లో ఇంత తేడా తెచ్చే మార్పు వైద్యంలో అరుదు. దీనికి మందు బిల్ల కూడా అక్కర్లేదు. మన అవ్వల వంటిల్లు చాలు.

2018లో మహారాష్ట్ర ప్రభుత్వం ప్లాస్టిక్ సంచులను నిషేధించింది. 2022 జూలై నుంచి దేశమంతటా కొన్ని రకాల వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు ఆపారు. ఆ నిషేధాలు కాలువలు పూడకుండా, ఆవులు చావకుండా చూడటానికి వచ్చినవి. కడుపుతో ఉన్న స్త్రీకి ప్లాస్టిక్ డబ్బాలో వేడి అన్నం పెట్టొద్దని ఏ చట్టమూ ఇంకా చెప్పలేదు. అది ఇంట్లో అత్తమ్మ చెప్పాలి, బడిలో మాస్టారు చెప్పాలి, ఆస్పత్రిలో నర్సమ్మ చెప్పాలి.

అందుకే ఈ సభలో కూర్చున్న నాలుగు రకాల వాళ్ళకు నాలుగు విన్నపాలు. చాయ్ హోటళ్ళవాళ్ళు పార్సిల్‌కు స్టీలు కెటిల్ తెచ్చేవారికి ఒక రూపాయి తగ్గించండి. ఇళ్ళలో పెళ్ళయిన అమ్మాయిలు ఉన్నవాళ్ళు వేడిదీ నూనెదీ ఏదీ ప్లాస్టిక్‌లో పెట్టకండి, డబ్బాను మైక్రోవేవ్‌లో అసలే పెట్టకండి. రంగుల కార్ఖానాల యజమానులు నోనైల్‌ఫినాల్ లేని సబ్బును మాత్రమే కొంటామని ఈ నెలలోనే ఒక ఒప్పందానికి రండి. బడుల పెద్దలు తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఈ పాఠాన్ని వాళ్ళ ఇంటి భాషలో చెప్పించండి. ఇరవై ఏళ్ళ తర్వాత తల్లిదండ్రులయ్యేది ఇప్పుడు ఆ బెంచీల మీద కూర్చున్నవాళ్ళే.